కుక్కపిల్లకి పేరు: మా ఇంటి పంచాయితీ

ఆవుదూడ పుడితే లక్ష్మి, గంగ, గౌరి, తులసి. ఎద్దుల జతైతే రాముడూ లక్ష్మణుడూ. పిల్లికి చాలా ఇళ్ళల్లో అసలు పేరే ఉండదు, పెట్టినా అది పలకదు కాబట్టి ఎవరూ ఆ శ్రమ పడరు. కుక్కకి మాత్రం టామీ. మా పుట్టింటి వైపు పల్లెల్లో పొలం గట్టు మీద పడుకుని, జన్మలో ఒక్క ఇంగ్లీషు ముక్క వినని కుక్క కూడా అయితే టైగర్, కాకపోతే జిమ్మీ. దాన్ని పిలిచే పెద్దాయనకీ ఇంగ్లీషు రాదు, దానికీ రాదు, అయినా ఇద్దరికీ ఆ పేరుతో ఏ ఇబ్బందీ లేదు.

ఇది దొరల కాలం నుంచి అంటుకున్న అలవాటు అని అందరూ తేలిగ్గా చెప్పేస్తారు. కొంత నిజమే అయి ఉండొచ్చు. కానీ మా ఇంట్లో ఈమధ్య ఒక కుక్కపిల్లకి పేరు పెట్టే పంచాయితీ జరిగాక నాకు అసలు కారణం వేరే అనిపిస్తోంది. తెలుగు పేర్లన్నీ ఇప్పటికే ఎవరో ఒకరివి. దేవుడివో, తాతగారివో, ఎదురింటి పిల్లాడివో, ఆఫీసులో మేనేజర్‌వో. ఆవుకి దేవత పేరు పెడితే దాన్ని గౌరవించినట్టు, అదే పేరు కుక్కకి పెడితే ఆ పేరున్న మనిషిని తిట్టినట్టు. ఒక పక్క విశ్వాసం అంటే కుక్కదే అంటాం, ఇంకో పక్క కోపం వస్తే ముందు నోట్లోంచి వచ్చే తిట్టు కూడా అదే. ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచిన కుక్కకి కూడా భారతంలో పేరు లేదు చూడండి. భార్య, తమ్ముళ్ళు అందరూ దారిలో పడిపోయాక మిగిలింది అదొక్కటే, దాన్ని వదిలేసి స్వర్గానికి రానన్నాడు, అంత కథ నడిచింది, పేరు మాత్రం కుక్కే.

టామీ అనే మనిషి మన వీధిలో ఉండడు, అందుకే టామీ పేరుతో తగువు లేదు. అంటే కుక్క పేరు కుక్క కోసం పెట్టేది కాదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి గొంతు చించుకుని దాన్ని పిలవాల్సిన మన కోసం, ఆ కేక వినాల్సిన పక్కింటివాళ్ళ కోసం.

నవ్వులాటగా చెబుతున్నానని అనుకోకండి. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాలో ఒకావిడ పెంచుకునే కుక్క పేరు సోనూ. పక్కింటాయన భార్య ముద్దుపేరు కూడా సోనూయే. కావాలనే ఆ పేరు పెట్టారని గొడవ ముదిరి, 2021 డిసెంబర్‌లో ఆ కుక్క యజమానురాలి మీద కిరోసిన్ పోసి నిప్పంటించేదాకా వెళ్ళిందని అన్ని పేపర్లలోనూ వచ్చింది. 2023లో రాహుల్ గాంధీ గోవా నుంచి తెచ్చిన కుక్కపిల్లకి నూరీ అని పేరు పెడితే, అది ముస్లింల మతవిశ్వాసాన్ని నొప్పిస్తోందని ప్రయాగ్‌రాజ్ కోర్టులో ఫిర్యాదు పడింది. కుక్కపిల్లలకి వీటిలో దేనితోనూ సంబంధం లేదు పాపం.

సరే, మా సంగతి. మేముండేది హైదరాబాద్‌లో సైనిక్‌పురి వైపు. కాలనీ చివర కడుతున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక వీధికుక్క ఈనింది. మగపిల్లల్ని వాచ్‌మెన్లూ మేస్త్రీలూ తలా ఒకటి పట్టుకుపోయారు, ఆడవి మిగిలాయి. కుక్కల్లోనూ అదే తంతు, ఆడదైతే మళ్ళీ పిల్లల్ని పెడుతుంది, ఎవరు చూస్తారు అని. ఆపరేషన్ చేయిస్తే అయిపోయేదానికి ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కాదు. ఆ మిగిలినవాటిలో ఒకదాన్ని పాప స్కూల్ బ్యాగ్‌లో పెట్టుకుని తెచ్చింది. లేత గోధుమ రంగు, మూతి మాత్రం నల్లగా, తోక వీపు మీదికి గుండ్రంగా చుట్టుకుని. అత్తయ్యగారు ఒకసారి చూసి “దీన్ని వంటింట్లోకి రానిస్తే నేను ఊరెళ్ళిపోతానమ్మాయ్” అన్నారు. ఊరెళ్ళలేదు. అన్నం, పెరుగు కలిపి ముందు పెట్టింది కూడా ఆవిడే.

పేరు దగ్గరకొచ్చేసరికి ఇంట్లో ప్రతివాళ్ళకీ ఒక పట్టింపు బయటపడింది. మావారు రాంబో అన్నారు. ఆడకుక్కకి రాంబో ఏమిటని నేను అడిగేలోపే అత్తయ్య కుదరదన్నారు, ఎందుకంటే మా మామగారి పేరులో ‘రామ’ ఉంది. ఆవిడ ఇన్నేళ్ళలో ఆయన పేరు పలకగా నేను వినలేదు. బ్యాంకులో అడిగినా సరే, “అందులో రాసుంది చూడు నాయనా” అంటారు తప్ప నోటితో చెప్పరు. అలాంటి మనిషి పొద్దున్నే వాకిట్లో నిలబడి ‘రాంబో’ అని ఎలా పిలుస్తారు? ఆ లెక్కన రాముతో మొదలయ్యేవి, సీతతో మొదలయ్యేవి అన్నీ పోయాయి.

పోనీ ముద్దుపేర్లు చూద్దామా అంటే అక్కడ ఇంకా పెద్ద చిక్కు. మీరెప్పుడైనా గమనించారో లేదో, మన పిల్లల ముద్దుపేర్లూ కుక్కల పేర్లూ ఒకే డబ్బాలోంచి తీసినట్టు ఉంటాయి. చింటూ, బంటీ, పింకీ, స్వీటీ, డాలీ, లక్కీ, చిన్నూ. పాప ఏది అన్నా “ఆ పేరుతో ఫలానా వాళ్ళబ్బాయి ఉన్నాడు కదే” అని ఎవరో ఒకరు అనడం. బన్నీ బాగుంది కదా అంటే మా వీధి చివర కుర్రాళ్ళు ఊరుకోరు, బన్నీ అంటే అల్లు అర్జున్. చెర్రీ అంటే రామ్ చరణ్. చివరికి మా తాతల కాలం నాటి టైగర్‌కి కూడా ఇప్పుడు పూచీ లేదు, యంగ్ టైగర్ జూనియర్ ఎన్టీఆర్ అయ్యాక. ఫ్లెక్సీలు కట్టే కాలనీలో ఉంటూ కుక్కకి హీరో ముద్దుపేరు పెట్టే ధైర్యం మాకు లేదు.

అన్నట్టు పేరుని బట్టి ఆ కుక్క ఏ కాలానిదో చెప్పేయొచ్చు. టామీ, టైగర్, జిమ్మీ, సీజర్ అంటే పెద్దవాళ్ళ కాలం. టౌన్లలో తెల్ల పొమరేనియన్లు మేడల మీదికి ఎక్కాక స్నోయీ, జూలీ, పప్పీ. 2003లో హచ్ ఫోన్ యాడ్ వచ్చినప్పుడు మాత్రం తమాషా జరిగింది, ఏకంగా పగ్ జాతి మొత్తానికే ‘హచ్ కుక్క’ అని పేరు పడిపోయింది, కంపెనీ వొడాఫోన్‌గా మారాక కూడా చాలా ఇళ్ళల్లో అది హచ్ కుక్కే. ఆ యాడ్‌లో కుర్రాడి వెనకాల తిరిగిన కుక్క అసలు పేరు చీకా. ఎంత బాగుంది పేరు, ఎవరికీ గుర్తు లేదు. ఆ తర్వాత బ్రూనోలు, రాకీలు. 2022లో ఒక కన్నడ సినిమా ఆడాక చార్లీలు. ఇప్పుడు సాయంత్రం పార్కుకి వెళ్తే లియో, మిలో, కోకో, సింబా, లూనా. ‘లియో’ అని ఒకరు పిలిస్తే మూడు కుక్కలు వెనక్కి తిరుగుతాయి, వాటి వెనకాల ముగ్గురు యజమానులూ మొహాలు చూసుకుంటారు.

మా బాబాయి తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఫోన్ చేయడం మావారి ఐడియా. “ఇంట్లో ఆడకుక్కపిల్ల, మంచి తెలుగు పేరు చెప్పు బాబాయ్” అన్నానో లేదో, ఆయన ఆలోచించను కూడా లేదు. “సరమ అని పెట్టవే. అంతకన్నా గొప్ప కుక్క ఏ పురాణంలో ఉంది?” అని, ఇక కథ మొదలుపెట్టారు. సరమ ఇంద్రుడి దగ్గరుండే దేవతల కుక్క. పణులనే దొంగలు ఆవుల్ని ఎత్తుకెళ్ళి దాచేస్తే వాసన పట్టుకుంటూ వెళ్ళి కనిపెట్టింది, ఋగ్వేదంలో దానికీ పణులకీ మధ్య సంభాషణే ఒక సూక్తం. యముడి దగ్గర కాపలా ఉండే రెండు కుక్కలూ దాని సంతానమే. ఇక భారతంలో ఆదిపర్వం మొదట్లోనే వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే దాని పిల్ల ఆడుకుంటూ అక్కడికి వెళ్తుంది, రాజు తమ్ముళ్ళు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లికి చెబితే సరమ నేరుగా యాగశాలకే వచ్చేసి, నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, కనీసం అటు చూడను కూడా లేదు, ఎందుకు కొట్టారు అని నిలదీస్తుంది. ఎవరూ సమాధానం చెప్పరు. అనుకోని భయం వచ్చి మీద పడుతుందని చెప్పి వెళ్ళిపోతుంది. నన్నయ ఆ మాటల్ని దాని నోట పెట్టి రాసిన పద్యం బాబాయి ఫోన్‌లోనే రాగం తీసి పాడారు, నేను స్పీకర్‌లో పెట్టాను, కుక్కపిల్ల నిద్రపోయింది.

నాకు నిజంగా నచ్చింది ఆ పేరు. పిల్లని కొట్టారని రాజుగారి ముందుకెళ్ళి అడిగిన కుక్క, వీధిలో పుట్టిన ఆడపిల్లకి ఇంతకంటే మంచి పేరేముంటుంది? బాల్కనీలోకి వెళ్ళి ఒకసారి గట్టిగా పిలిచి చూశాను, ఎలా వినిపిస్తుందో తెలియాలి కదా. “సరమా! సరమా!” పై పోర్షన్‌లోంచి అద్దెకుండే పెద్దాయన తొంగి చూసి “ఏమ్మా, పిలిచారా?” అన్నారు. ఆయన శర్మగారు.

సరమ పోయింది.

భైరవి అన్నారు తర్వాత బాబాయే, కాలభైరవుడి వాహనం కుక్క కాబట్టి. దత్తాత్రేయుడి కాళ్ళ దగ్గర ఉండే నాలుగు కుక్కలు నాలుగు వేదాలంటారు, ఆ దారిలో ఏదైనా చూడమన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. దేవుడి దగ్గర కుక్క ఉండొచ్చు గానీ కుక్కకి దేవుడి పేరు ఉండకూడదట. “రేపు అది చెప్పులు కొరికితే భైరవిని పట్టుకుని ఏమని తిట్టను?” అన్నారు. ఈ ప్రశ్నకి బాబాయి దగ్గర కూడా జవాబు లేదు.

దొరికిన ఊరి పేరు పెట్టొచ్చని మావారి ఇంకో సూచన. రతన్ టాటా గోవాలో దొరికిన వీధికుక్కని తెచ్చుకుని గోవా అనే పేరు పెట్టుకున్నారు, 2024 అక్టోబర్‌లో ఆయన అంత్యక్రియలకి దాన్ని తీసుకొస్తే టీవీల్లో అందరూ చూశారు. ఆలోచన మంచిదే. గోవాలో దొరికితే గోవా, బాగుంది. సైనిక్‌పురిలో దొరికితే? రాజపాళయం, ముధోల్ లాంటివి ఊరి పేర్లే జాతి పేర్లయ్యాయి, వాటికి చెల్లింది, మా దానికి కుదరలేదు.

ఈలోగా నేను కొంచెం చదివాను. కుక్కకి రెండక్షరాల పేరు పెట్టాలని ట్రెయినర్లందరూ చెప్పే మాట కొత్తదేమీ కాదు. గ్రీకు రచయిత క్సెనొఫోన్ దాదాపు 2,400 ఏళ్ళ కిందటే వేటకుక్కలకి పొట్టి పేర్లు పెట్టండి, పిలవడానికి తేలిక అని చెప్పి, ఊరికే చెప్పడమెందుకని 47 పేర్లు రాసి మరీ ఇచ్చాడు. మొదటి శతాబ్దంలో వ్యవసాయం గురించి రాసిన రోమన్ కొలుమెల్లా ఇంకొంచెం కొలత చెప్పాడు, మరీ పొడుగ్గా ఉండకూడదు, అలాగని రెండు పలుకులకి తగ్గకూడదు అని. ఇంతకాలం తర్వాత యూట్యూబ్‌లో చెప్పేదీ అదే.

కుక్కకి తన పేరు నిజంగా తెలుస్తుందా, లేక మన గొంతు వినే వస్తుందా అన్న అనుమానం నాకుండేది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. వెనకాల మనుషులు మాట్లాడుకుంటున్న రొద పెట్టి, అందులోంచి కుక్క పేరునీ, అదే ఊనికతో పలికే వేరే పేరునీ వినిపించారు. రొద పేరంత గట్టిగా ఉన్నా కుక్కలు తమ పేరుని పట్టేశాయి. పెళ్ళి భోజనాల దగ్గర కూడా మన పేరు మనకి వినబడుతుందే, అలా. ఇక చేజర్ అనే బోర్డర్ కాలీ జాతి కుక్క సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పి 2011లో ఆ వివరాలు ప్రచురించారు. వెయ్యి పేర్లు గుర్తుపెట్టుకోగల జీవికి మూడక్షరాల పేరు ఒక లెక్కా? ఇబ్బంది దానికి కాదు, రోజంతా పిలవాల్సిన మనకే. మనమే విరిచేస్తాం, పొడుగు పేరైతే వారం తిరక్కుండా సగం మింగేస్తాం.

అయితే ఒకటి మాత్రం నిజంగా కుక్కకే సంబంధించింది. మనం రోజూ దానికి చెప్పే మాటలకి దగ్గరగా ఉండే పేరు వద్దు. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘నో’ లాంటి పేరు వద్దు, ‘సిట్’ లాంటిది వద్దు అని రాస్తారు, సరే. మన ఇళ్ళల్లో దాంతోపాటు తెలుగు మాటలు కూడా చూసుకోవాలి. రాజా, రాణి, రాకీ అన్నప్పుడల్లా మొదట వినబడేది ‘రా’. “రాజా, అక్కడే ఉండు” అంటే అది రావాలా ఉండాలా? పార్కులో ఒక రాణి ఉంది, దాని యజమాని దాన్ని కదలొద్దని చెప్పినప్పుడల్లా అది తోక ఊపుకుంటూ దగ్గరికి వచ్చేస్తుంది, ఆయనేమో మొండిదండీ అంటారు. ఇంకో తమాషా, ఎంత తెలుగు ఇల్లయినా కుక్కకి ఆజ్ఞ మాత్రం ఇంగ్లీషులోనే. మా అత్తయ్య కూడా రెండో వారంకల్లా ‘సిట్’ అనడం మొదలుపెట్టారు. ఆవిడ “కూర్చో” అంటే కూర్చునేది మావారూ నేనూ మాత్రమే.

చివర అచ్చు ఉంటే దూరానికి బాగా వినబడుతుందనీ అంటారు. ఆ విషయంలో తెలుగువాళ్ళకి దిగులు లేదు, ఏ పేరు పెట్టినా పిలిచేటప్పుడు చివర సాగదీయకుండా ఉండలేం. టైగర్ వీధిలోకి వచ్చేసరికి టైగరూ, మ్యాక్స్ మ్యాక్సూ అయిపోతాయి.

డాలస్‌లో ఉండే మా మరిది వీడియో కాల్‌లో తన సలహా ఇచ్చాడు: తిండి పేరు పెట్టు వదినా. అక్కడ మనవాళ్ళ కుక్కల్లో లడ్డూలు, చాయ్‌లు, జిలేబీలు బాగానే కనిపిస్తాయట. వాళ్ళ కుక్క పేరు దోశ, అక్కడి డాక్టర్ దగ్గర దాన్ని ‘డోసా’ అని పిలుస్తారు, అదీ పలుకుతుంది. ఎందుకు తిండి పేర్లు అంటే నాకనిపించేది, అవి ఎవరివీ కావు. దేవుడివి కావు, మామగారివి కావు, ఏ హీరో అభిమానులూ కోప్పడరు, అయినా వినగానే ఇల్లు గుర్తొస్తుంది. టామీ చేసిపెట్టిన పనే అది, కాకపోతే తెలుగులో. అక్కడ ఉన్నవాళ్ళకి ఇది ముందు తట్టింది, ఎందుకంటే టామీ అని పెడితే అక్కడ నిజంగానే పక్కింటాయన పలుకుతాడు.

అత్తయ్యకి మాత్రం తినే వస్తువు పేరుతో కుక్కని పిలవడం ససేమిరా ఇష్టం లేదు. “లడ్డూ అని పిలిచి కుక్క వస్తే, ఇక ఆ లడ్డూ నోట్లో పెట్టుకోబుద్ధవుతుందా?” సరే, అదీ పక్కన పెట్టాం. టీకా వేయించే రోజు దగ్గర పడుతోంది, కార్డు మీద పేరు రాయాలి, మేమింకా ‘కుక్కపిల్లా’ అనే పిలుస్తున్నాం. అది దానికే అలవాటు పడుతోంది.

తేల్చింది చివరికి అత్తయ్యే, ఆవిడకి తెలియకుండానే. ఏకాదశి వెళ్ళిన మర్నాడు పాపకి చిరుతిండి అని బియ్యప్పిండిలో నానబెట్టిన పెసరపప్పు, నువ్వులు, వాము వేసి చేగోడీలు చుడుతున్నారు. పీట మీద వరసగా పేర్చుతుంటే, ఈ పిల్ల వంటింటి గడప బయట కూర్చుని (గడప దాటకూడదని అప్పటికే నేర్చుకుంది) అటే చూస్తోంది. పాప దాని వెనక నిలబడి ఒకసారి తోక వైపు, ఒకసారి పీట వైపు చూసి ఘొల్లుమని నవ్వింది. ఆ తోక అచ్చం చేగోడీయే. అంత గుండ్రంగా, చివర అతికించినట్టు. అత్తయ్య తిరిగి చూశారు. తినే వస్తువు కదా అని ఏమీ అనలేదు. “ఇంకొంచెం వేగాలి, రంగు రాలేదు” అన్నారు కుక్కని చూస్తూ. అంతే, ఖాయం.

పుస్తకాల లెక్కలో ఈ పేరు ఏ పరీక్షకీ నిలవదు. మూడక్షరాలు, వెటర్నరీ క్లినిక్‌లో రాసుకోవడానికి కష్టం, ఇంగ్లీషులో రాసినదాన్ని కౌంటర్‌లో అమ్మాయి ‘చెగొడి’ అని చదివింది. పైగా క్లినిక్కుల్లో పేషెంట్ పేరు పక్కన మన ఇంటిపేరు తగిలించి పిలుస్తారు, వెయిటింగ్ హాల్లో అందరి ముందూ మా ఇంటిపేరుతో చేగోడీ అని వినబడగానే మావారు ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నారు. అయినా మేం మార్చలేదు. మూడు నెలలు నిండాక యాంటీ రేబిస్ టీకా వేశారు, ఆ సర్టిఫికెట్ మీద ఏ పేరుంటే మున్సిపల్ రిజిస్ట్రేషన్‌లో కూడా అదే పేరు ఇవ్వడం మంచిది, కాబట్టి మీరు కూడా ముద్దుపేరు ఒకటి, రాతకోతలకి ఇంకోటి అని పెట్టుకోకండి, తర్వాత ఏ కాగితంలో ఏముందో వెతుక్కోవాలి.

ఇక అనుకున్నట్టే పేరు విరిగింది. పాపకి చేగూ. అత్తయ్యకి గోడీ. మావారు కోపంలో పూర్తిగా పిలుస్తారు, అందుకే పూర్తి పేరు వినబడితే అది మంచం కిందకి పోతుంది. ఇక్కడే అందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పేరు నేర్పడం అంటే పెద్ద విద్య కాదు, పేరు పిలవాలి, అది మనవైపు చూసిన క్షణంలో చిన్న ముక్క ఏదైనా పెట్టాలి, రోజుకి కాసేపు, అంతే, కొన్నాళ్ళకి తలకెక్కుతుంది. పేరు పాడుచేయడం మాత్రం చాలా సులువు. తిట్టడానికి అదే పేరు, స్నానానికి లాక్కెళ్ళడానికి అదే పేరు, ఇంజెక్షన్ ముందు అదే పేరు. అలా చేస్తే ఏ కుక్క వస్తుంది? స్నానం రోజున మనమే నడిచి దాని దగ్గరికి వెళ్ళడం నయం. పాపకి ఇది చెప్పగానే అర్థమైంది. మావారికి ఇంకా చెబుతున్నాను.

పెద్ద కుక్కని తెచ్చుకున్నవాళ్ళు అడుగుతుంటారు, దానికి ఒక పేరుందట, మార్చొచ్చా అని. నిక్షేపంగా మార్చొచ్చు. కొన్నాళ్ళు కొత్త పేరు ముందు, పాత పేరు వెనక కలిపి పిలిస్తే సరిపోతుంది, నెమ్మదిగా పాతది వదిలేయాలి. 1957లో సోవియట్ అంతరిక్షనౌక స్పుత్నిక్-2లో వెళ్ళిన లైకా అనే కుక్క కూడా మాస్కో వీధుల్లోంచి వచ్చినదే, ముందు దాన్ని కుద్ర్యావ్‌కా అని పిలిచేవారు, లోకానికి తెలిసింది రెండో పేరే. ఆ కుక్కకి జరిగింది తలుచుకుంటే పేరు సంగతి మాట్లాడబుద్ధి కాదు, అది వేరే విషయం. ఆ మాటకొస్తే మన వీధికుక్కలకి పేరు మారడం రోజూ ఉన్నదే. మా చేగోడీ తల్లినే చూడండి. సెల్లార్‌లో ఒడిశా కూలీలు ఒక పేరుతో పిలుస్తారు, టీకొట్టు దగ్గర అది కాలూ, నల్లగా ఉంటుంది కాబట్టి. రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌కి రాణెమ్మ. ఎదురు వీధిలో రోజూ చపాతీలు వేసే ఆంటీకి బేటీ. ఎవరి దగ్గర ఏ పేరుకి పలకాలో దానికి బాగా తెలుసు, చపాతీలు ఇచ్చేచోట కాస్త ఎక్కువే పలుకుతుంది.

మేం అనుకుని వాడనివి చాలా మిగిలిపోయాయి, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. తెల్లగా చిన్నగా ఉంటే ముత్యం, మరమరం. గోధుమ రంగుకి గవ్వ, కాజా, జీడి. నల్లదానికి మిరియం, బొగ్గు. ఒంటి నిండా చుక్కలుంటే నువ్వులుండ, పిలవడానికి నువ్వూ అంటే సరి, కానీ ఇంట్లో భార్యాభర్తలు పోట్లాడుకునేటప్పుడు అదెందుకు పరిగెత్తుకొస్తోందని తర్వాత నన్నడగొద్దు. లావుగా బద్ధకంగా ఉండేదానికి గారె. మగదైతే గుండ్రాయి. ఇంగువ మాత్రం ముట్టుకోకండి, అది నేను పక్కన పెట్టుకున్నాను, సెల్లార్‌లో చేగోడీ చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.